అంకాలమ్మ కలిపిన వరస

గిద్దలూరులో ఎవరు పైకొచ్చారు, ఎవరు కిందపడ్డారు అని అడిగితే నా అంత బాగా చెప్పేవాడు లేడని నాకో గర్వం. ఏళ్ళ తరబడి హార్డ్‌వేర్ దుకాణంలో కూర్చున్నవాణ్ణి. ఈ ఊళ్ళో ఇల్లు కట్టే ప్రతివాడూ ఏదో ఒక రోజు నా గుమ్మం ఎక్కాల్సిందే. మేకులు కొనే తీరు చూసి మనిషి జాతకం చెప్పేస్తానని మా ఆవిడ వెక్కిరిస్తుంది. వెక్కిరిస్తే వెక్కిరించనీ, చాలాసార్లు నేను చెప్పిందే జరిగింది. జరగనిది ఒక్కటుంది, అది అంకాలమ్మ మూలంగా.

అంకాలమ్మ రైల్వేగేటు అవతల మేకలు పెంచుకునే మనిషి. బక్కపల్చటి ఒళ్ళు, ఊరంత గొంతు, మేకలకు కొమ్మలు వంచే దోటి ఎప్పుడూ చేతిలోనే. మేకల కొట్టం పక్కన నాలుగు రేకుల గదులు వేసి అద్దెకిచ్చింది. వరస తెలియని మనిషితో మాట్లాడాలంటే ఆమెకు ఊపిరాడదు. కొత్త మొహం కనబడితే చాలు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలుపెట్టి, కొమరోలులో వాళ్ళ మేనత్తనూ ఆ మేనత్త ఆడబిడ్డనూ పట్టుకుని, చివరికి వాడు తనకు అల్లుడో మనవడో తేల్చుకున్నాకే మంచినీళ్ళిస్తుంది. దాహంతో వచ్చినవాడి గతి ఏమిటని నేను చాలాసార్లు అనుకున్నాను.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. ఒకే చలికాలంలో ఆ గదుల్లోకి రెండు రకాల వలస జనం దిగారు. మొదటిది రాజస్థాన్ నుంచి మార్బుల్ పనికి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళలో చురుకైనవాడు గణపత్. రెండోది ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన జంట, దైతారి, ఊర్మిళ. బట్టీ దగ్గర గుడిసెలు చాలక వాళ్ళను ఇక్కడ పెట్టారు. రెండు జట్ల దగ్గరా ఉన్నదేమీ లేదు, ఎవరికీ తెలుగు ఒక్క ముక్క రాదు. దుకాణంలో కూర్చుని చూశాను. రాజస్థాన్ వాళ్ళు నిలబడతారు, ఒడిశా వాళ్ళు మొదటి వానకే రైలెక్కి పోతారు, మళ్ళీ కనబడరు అని తేల్చేశాను. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెప్పాను.

గణపత్ బృందం శాకాహారులు. మేకల కొట్టం వాసనకు తలుపు మూసుకుని రొట్టెలు కాల్చుకునేవాళ్ళు. అంకాలమ్మను గణపత్ మేడం అనేవాడు. నేనేమన్నా బడిలో పాఠాలు చెప్తున్నానా అని ఆమె విసుక్కునేది కానీ ఇంకో పిలుపు నేర్పలేదు. అప్పటికి ఆమె కూతురికి పెళ్ళి కాలేదు. పెళ్ళికాని కుర్రాడు ఇంటికొచ్చి అత్తా అని పిలిస్తే ఊళ్ళో ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. అట్లా వాళ్ళు ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ అద్దెకున్నవాళ్ళుగానే ఉండిపోయారు.

ఊర్మిళ సంగతి వేరు. ఒక పొద్దున ఆ పిల్ల రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, ఉల్లిపాయ నంజుకుని తింటుంటే అంకాలమ్మ చూసింది. సరిగ్గా అదే తన చేతి గిన్నెలో కూడా ఉంది. ఎక్కడి ఒడిశా, ఎక్కడి గిద్దలూరు, చద్దన్నం మాత్రం ఒకటే. ఆ రోజు నుంచి ఒక మిరపకాయ ఇటునుంచి అటు, చింతకాయ పచ్చడి ఇంకో రోజు, అట్లా మొదలైంది.

అప్పుడే జరిగింది ఆ పొరపాటు. పక్కింటి చిన్నపిల్లాడు అత్తా అని పిలవడం విని దైతారి కూడా అత్తా అన్నాడు. మొగుడు అన్నాడు కదా అని ఊర్మిళ కూడా అత్తా అంది. వీధిలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇద్దరికీ ఆమె అత్తయితే మొగుడూ పెళ్ళాం అన్నాచెల్లెళ్ళయిపోరా మరి. పాపం వాళ్ళకు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. ఊర్మిళ గదిలోకి పోయి కూర్చుంది.

అంకాలమ్మ నవ్వలేదు. వాళ్ళిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఆలోచనలో పడింది. దైతారిని కొడుకు చేస్తే ఊర్మిళ కోడలవుతుంది. ఊర్మిళను కూతురు చేస్తే దైతారి అల్లుడవుతాడు. దుకాణానికి రావాల్సిన సరుకు దిగిందేమో చూసుకోవడానికి అప్పుడు నేను రైల్వేగేటు దగ్గరే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"కోడలైతే పని చెప్పబుద్ధి అయితాది. కూతురైతే పెట్టబుద్ధి అయితాది. నువ్వు నన్ను అమ్మా అను, ఆయన అత్తా అంటాడు. అంతే," అంది.

అంతే అంది కానీ అంతటితో అయిపోలేదు. అంకాలమ్మ వరస కలిపిందంటే మాటవరసకు కాదు. వానాకాలం వచ్చి బట్టీ ఆగింది. మిగతా కుటుంబాలన్నీ రైలెక్కాయి. ఊర్మిళకు నెలలు నిండుతున్నాయి. తీసుకుపోవడానికి వచ్చిన బట్టీ మేస్త్రికి అంకాలమ్మ దోటి అడ్డం పెట్టింది. కాన్పు పుట్టింట్లోనే జరగాలి, ఇదే దాని పుట్టిల్లు అంది. ఆ మేస్త్రికి ఏం చెప్పాలో తోచక దైతారి, మా అత్త ఒప్పుకోవట్లేదు అన్నాడట. ఆ మాట ఊళ్ళో చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. ఆసుపత్రిలో కాన్పు చేసిన నర్సు పేరే బిడ్డకు పెట్టుకున్నారు, సుజాత అని. అంకాలమ్మ కొడుకు రమణ మేనమామ అయ్యాడు. పుట్టువెంట్రుకలు అతని ఒళ్ళోనే తీయించారు. బాలింతను, బిడ్డను చూసుకుంటూ ఉండిపోయిన దైతారి తాపీ పని నేర్చాడు. నా జోస్యం వానలో కొట్టుకుపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఇద్దరినీ పోల్చి చూడటం నాకు అలవాటైపోయింది. గణపత్ మార్బుల్ పని నుంచి టైల్స్ షోరూముకు ఎదిగాడు. అతని వెనకాల వచ్చినవాళ్ళు ప్లైవుడ్ దుకాణం, స్వీట్ల దుకాణం పెట్టారు. బజారులో వాళ్ళ బోర్డులే మెరుస్తాయి. కానీ పెళ్ళాం బిడ్డలు అక్కడే, పెళ్ళిళ్ళూ చావులూ అక్కడే. ఇక్కడ ఎవరింట్లో శుభకార్యమైనా కార్డు షోరూము బల్ల మీదికి వస్తుంది, పిలుపు మాత్రం రాదు. దైతారికి రెండు గదుల ఇల్లు, ఒక పాత బండి. ఊర్మిళ చెల్లెళ్ళూ మరుదులూ ఒక్కొక్కరే వచ్చి గేటు అవతల చిన్న పేటే అయింది. పనిలేని నెలల్లో వాళ్ళకు ఇబ్బందే. కానీ ఒకరికి జ్వరమొస్తే వీధి వీధంతా కదులుతుంది. వాళ్ళ పిల్లలు మన బళ్ళో మన పిల్లలకంటే గట్టిగా పోట్లాడుకుంటారు, అదీ తెలుగులోనే.

ఇప్పుడు దైతారి గోడలు లేపిన ఇళ్ళకు గణపత్ నేల పరుస్తాడు. గోడ పని కూడా తనే ఒప్పుకుని దైతారికి ఇప్పిస్తాడు. అందుకని అరే దైతారీ అనే పిలుస్తాడు. డబ్బున్నవాడు పిలిచే పిలుపు అది, దైతారి పట్టించుకోడు.

పోయిన ఏడు గణపత్ రెండంతస్తుల ఇల్లు కట్టి భార్య పుష్పను, ఇద్దరు పిల్లలను తీసుకొచ్చాడు. ఇక ఈ ఊరివాణ్ణే అన్నాడు. గృహప్రవేశానికి నేను వెళ్ళాను. మెరిసే నేల మీద షామియానా వాళ్ళు వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. ఆ తర్వాత పుష్ప మేడ మీద కిటికీలో మాత్రమే కనబడేది, ముసుగు నెత్తిమీదికి లాక్కుని.

ఈ ఎండాకాలంలో ఒక రోజు గణపత్ నా దుకాణానికి వచ్చి, సరుకేమీ అడగకుండా కూర్చున్నాడు. పుష్ప వెళ్ళిపోతానంటోందట. బళ్ళు తెరిచేలోగా పిల్లలను తీసుకుని ఊరికి పోతానని, మళ్ళీ రానని చెప్పేసిందట. ఇంత ఇంట్లో తనతో మాట్లాడే మనిషి ఒక్కరు లేరని ఏడుస్తోందట. తను కట్టుకున్నదంతా ఖాళీ ఇల్లయిపోతుందని అతని భయం. ఎప్పుడూ ధర తగ్గించమనే మనిషి గొంతు అంత తగ్గడం నేను ఎన్నడూ వినలేదు.

"దైతారికి ఏముంది అన్నా, నాకు ఏం లేదు?" అన్నాడు.

 లేచి షట్టరు సగం దించి అతన్ని అంకాలమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె కొట్టం ముందు మేకపిల్లకు పాలు పట్టిస్తోంది. గణపత్ చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నది. తన భార్యను కూడా కూతురిని చేసుకోమని అతను అడిగాడు. పక్కనే గోడకు సున్నం కొడుతున్న దైతారి, అతనికి సాయం వచ్చిన గణపత్ పనివాళ్ళు ఇద్దరు చేతులు ఆపి చూస్తున్నారు. ఆమె మేకపిల్లను వదిలి, చేతులు చెంగుకు తుడుచుకుంది.

"చేసుకుంటా. కానీ ముందే చెప్తాండా. నా కన్నకూతురి సంగతి అట్లుంచు. వచ్చినోళ్ళలో ఊర్మిళ ముందొచ్చింది, అది పెద్దకూతురు. నీ పెళ్ళాం చిన్నది. అప్పుడు నువ్వు, దైతారి తోడల్లుళ్ళు అయితారు. వాడు పెద్దల్లుడు. నా ఇంట్లో పీట ముందు వాడికి పడతాది. అరే గిరే అంటే కుదరదు. ఆలోచించుకో," అంది.

గణపత్ మొహం ఎర్రబడింది. తన కింద పనిచేసే మనిషికి, తన పనివాళ్ళ ఎదుట తను చిన్నవాడు కావాలి. బండి తీసి వెళ్ళిపోయాడు. ఈమెకు ఈ పట్టుదల దేనికి, ఒక సంసారం నిలబడే చోట పెద్దా చిన్నా ఏమిటని నాకు ఒళ్ళు మండింది. అదే అన్నాను. వరసలో అబద్ధం కలిపితే అది వరస కాదు సెట్టీ అని ఆమె మళ్ళీ మేకపిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

పది రోజులకు సుజాత ఓణీల ఫంక్షన్ వచ్చింది. అంకాలమ్మ ఇంటి ముందే పందిరి. ఈసారి గణపత్‌కు కార్డు పోలేదు. అంకాలమ్మే కుంకుమ భరిణె పట్టుకుని మేడ మెట్లెక్కి పుష్పకు బొట్టు పెట్టి పిలిచి వచ్చింది. ఆ పిల్లకు ఏం అర్థమైందో దేవుడికే తెలియాలి.

ఆ రోజు బంతి మొదలయ్యే ముందు గుసగుసలు బయలుదేరాయి. అంకాలమ్మ ఇంట్లో ఫంక్షన్, మేకపోతు తెగలేదు. మాంసం లేదు. పప్పు, వంకాయ, పులిహోర, బూరెలు, అంతే. మేకల మంద పెట్టుకుని ఇదేం పిసినారితనం అని పెద్దమనుషులు గొణిగారు. చిన్నల్లుడు తినడు గదా అని ఆమె ఒక్కటే మాట చెప్పింది. చిన్నల్లుడు వస్తాడని ఎవరికీ నమ్మకం లేదు. నాకూ లేదు.

అతను వచ్చాడు. భార్యాపిల్లలతో, సుజాతకు పట్టు ఓణీ పట్టుకుని వచ్చాడు. ఊళ్ళో డబ్బున్నవాడు కదా, ముందు వరసలో కుర్చీ వేశారు. కూర్చోలేదు. తిన్నగా వడ్డన దగ్గరికి పోయాడు. దైతారి పప్పు బకెట్ పట్టుకుని వంగి వడ్డిస్తున్నాడు. గణపత్ ఆ బకెట్ మీద చెయ్యి వేశాడు.

"అన్నా, మీరు కూర్చోండి. నేను వడ్డిస్తా," అన్నాడు.

పందిరి కింద తలలన్నీ అటు తిరిగాయి. దైతారి బకెట్ వదలడానికి ఎంతసేపో తటపటాయించాడు. వదిలాక, రమణ తెచ్చి వేసిన పీట మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు అంకాలమ్మ పుష్ప చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఊర్మిళ పక్కన కూర్చోబెట్టింది. ఊర్మిళ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని అక్క, అక్క అని నేర్పింది. పుష్ప ముసుగు వెనక్కి జారింది. నేను ఆ పిల్ల మొహం అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అక్కా అంది. నా కళ్ళు తడిశాయి. దోటి పట్టుకుని తిరిగే ఒక ముసలామె, చదువూ పదవీ ఏమీ లేకుండా, రెండు దూరదేశాల వాళ్ళను ఒక కడుపున పుట్టినవాళ్ళను చేసింది. ఇంత పని మాటతో జరుగుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

బళ్ళు తెరిచారు. పుష్ప వెళ్ళలేదు. వాళ్ళ పిల్లలు సుజాత వెంట తిరుగుతున్నారు. ఇద్దరిలో ఎవరు బాగుపడ్డారని ఊరు ఇంకా పోల్చుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు తోడల్లుళ్ళను పోల్చినట్టు పోల్చుతోంది.

అసలు చెప్పాల్సింది ఆ రోజు చివర జరిగింది. పందిట్లో ఒక పక్కన నిలబడి ఉన్నాను. ఎప్పుడూ అంతే, చదివింపు ఇచ్చి, తాంబూలం తీసుకుని వచ్చేస్తాను. మేమూ మాంసం ముట్టని వాళ్ళమే. మా తాతల నాటి నుంచి ఇదే ఊళ్ళో ఉన్నా, ఆ ఇంట్లో నేను ఏనాడూ విస్తరి ముందు కూర్చోలేదు. ఆమె నన్ను సెట్టీ అనే పిలుస్తుంది, నేనూ అంకాలమ్మా అనే పిలుస్తాను. వరసలు లేవు. అది లోటని నాకెప్పుడూ తోచలేదు.

అంకాలమ్మ నా దగ్గరికి వచ్చింది. చేతిలో విస్తరాకు ఉంది.

"ఈ పొద్దు నువ్వు తినకూడనిది ఏదీ వండలేదు. ఎన్నేళ్ళు ఇట్ల నిలబడే పోతావు? కూసో తమ్ముడూ," అంది.

నేను కూర్చున్నాను. గణపత్ పప్పు వడ్డించాడు.