నా రెండు జొన్న రొట్టెలు

డాక్టరుగారు రిపోర్టు ఒకసారి చూశారు, మళ్ళీ ఒకసారి చూశారు. రెండోసారికే నాకు సంగతి అర్థమైపోయింది.

"అంచు మీద ఉన్నారమ్మా. మూడు నెలలు టైమిస్తాను. అన్నం తగ్గించండి, నడవండి. అప్పటికీ షుగరు దిగకపోతే మాత్రలు మొదలుపెడదాం" అన్నారు.

ఎంతోమంది వేసుకుంటున్నారు, మాత్రలకేం భయం అంటారేమో. మా ఇంటి సంగతి వేరు. మా అమ్మకీ ఒక్క మాత్రతోనే మొదలైంది. మాత్ర వేసుకుంటున్నాను కదా అని ఆవిడ తిండి విషయంలో ఏదీ మానలేదు. చివరికి కాలి బొటనవేలు తీసేశారు. ఇప్పుడు నిజాంపేటలో మాతోనే ఉంటూ, మెత్తటి చెప్పులు వేసుకుని ఇల్లంతా తిరుగుతూ నా మీద పెత్తనం చేస్తుంటుంది. నేను ఆవిడ కూతుర్నే. మాత్ర చేతికొస్తే నేనూ అదే చేస్తానని నాకు బాగా తెలుసు. అందుకే భయమేసింది. ఆ రోజు క్యాబ్‌లో ఇంటికొస్తూ దారి పొడుగునా నా కాళ్ళకేసే చూసుకున్నాను.

మర్నాటి నుంచి లిఫ్ట్ ఎక్కనని ఒట్టేసుకున్నాను. మాదాపూర్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. మూడో అంతస్తు వచ్చేసరికి రెయిలింగ్ పట్టుకుని వేలాడుతున్నాను. అక్కడ మెట్లు తుడుస్తున్న హౌస్‌కీపింగ్ అక్క తుడుపు ఆపి నావైపు చూసింది.

"ఏంది మేడం, లిఫ్ట్ ఖరాబైందా?"

"లేదక్కా. షుగరు."

"అయితే మెల్లగ ఎక్కున్రి. వెనక ఎవరన్న తరుముతున్నరా?" అని నవ్వి, మంచినీళ్ళ బాటిల్ నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత పోలీసులాగా ఆరా మొదలుపెట్టింది.

"పొద్దుగాల ఏం తింటరు?"

"ఇడ్లీ."

"పగటికి?"

"అన్నం."

"రాత్రికి?"

"అన్నమే."

"మరి నడుమల?"

నేను బాటిల్ ఎత్తి నీళ్ళు తాగాను. నడుమల సమోసాలు, బిస్కెట్లు, మూడు టీలు ఉన్నాయి. అవన్నీ మెట్ల మీద చెప్పుకునే విషయాలా!

అక్కది పాలమూరు వైపు. చిన్నప్పటి నుంచి జొన్న రొట్టె తిన్న మనిషి. ఆరంతస్తులూ రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో లెక్కలేదు గానీ ఆయాసమన్న మాట ఎరగదు. రొట్టె చేయడం ఆ మెట్ల మీదే నాకు నోటితో నేర్పింది. "సలసల కాగే నీళ్ళు పోసి పిండి కలపాలె. చెయ్యి కాలుతదని భయపడితే రొట్టె రాదు. కర్రతోని ఒత్తొద్దు, చేత్తోని తట్టాలె."

మేం గోదావరి వాళ్ళం. మా వైపు రొట్టె అంటే దిబ్బరొట్టె, కాదంటే జ్వరమొచ్చినప్పుడు తినే బ్రెడ్డు. నా మొదటి జొన్న రొట్టె పెనం మీద పడీ పడగానే నిలువునా చీలింది. మావారు వంటింట్లోకి తొంగిచూసి, "అరె, అచ్చం మన రాష్ట్రంలాగే విడిపోయిందే!" అన్నారు. "అయితే హైదరాబాదున్న ముక్క నాది, మిగతాది మీరు తినండి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్క జొన్న రొట్టె చేయని మా అమ్మ కూడా కుర్చీలో కూర్చుని, "అలా కాదే, ఇంకాస్త గట్టిగా తట్టు" అంటూ సలహాలిచ్చింది. పది రోజులు పిండి, ఓపిక రెండూ తగలేశాక, ఒక ఉదయం గుండ్రటి రొట్టెలు రెండు దిగాయి. వాటిని మెంతికూర పప్పుతో డబ్బాలో సర్దుకుంటుంటే, నా షుగరు ఆ క్షణాన్నే సగం దిగిపోయినట్టనిపించింది.

ఇక్కడ మా ఆఫీసు మధ్యాహ్నాల గురించి చెప్పాలి. మేం అయిదుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. డబ్బాల మూతలు తీసి అన్నీ మధ్యలోకి తోసేస్తాం. ఎవరి డబ్బా వాళ్ళు తినడం మాలో లేదు. అలా తిన్నవాళ్ళని గురించి వెనక ఏం మాట్లాడుకుంటామో నాకు తెలుసు, ఎందుకంటే మాట్లాడేవాళ్ళలో నేనే ముందుంటాను. నా రొట్టెలు బల్ల మీదికి రాగానే గోల మొదలైంది. "మేడం, కిరాక్ ఉందండి!" అంటూ మా టీమ్ లీడ్ ఒకటి లాగేశాడు. పక్క సీటు అమ్మాయి రెండోదాంట్లో సగం తీసుకుంది. మిగతా ఇద్దరూ కలిసి మిగిలిన సగంలో చాలావరకు సర్దేశారు. నాకు అరచేతి వెడల్పు ముక్క దక్కింది. పొంగిపోయాను. మరి కడుపు నిండాలి కదా, లీడ్ వాళ్ళావిడ చేసిన పులిహోర, పక్కమ్మాయి బంగాళాదుంప వేపుడు, ఇంకొకరి బగారన్నం రెండేసి చెంచాలు పెట్టుకున్నాను.

అక్కణ్ణుంచి ప్రతిరోజూ ఇదే వరస. పొద్దున్నే చేతులు కాల్చుకుని రొట్టెలు చేస్తున్నాను, ఆరంతస్తులు ఎక్కుతున్నాను, కాబట్టి నేను పథ్యంలో ఉన్నానని మనస్ఫూర్తిగా నమ్మాను.

గడువు అయ్యే సమయానికి ఆఫీసులోనే అందరికీ రక్తపరీక్షలు పెట్టారు. రిపోర్టులు వచ్చిన రోజు లీడ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "మేడం, నా షుగర్ దిగిందండి! నేనసలు ఏమీ చేయలేదండి!" పక్కమ్మాయి కొలెస్ట్రాల్ తగ్గింది. మిగతా ఇద్దరికీ అన్నీ బాగున్నాయి. నేను నా కాగితం విప్పాను.

పెరిగింది.

అందరూ నావైపు చూశారు. "అదేంటండీ, మీరు అంత కష్టపడి జొన్న రొట్టెలు..." అంటూ లీడ్ మాట మధ్యలో ఆపేశాడు. అతని చూపు మా భోజనాల బల్ల మీదికి వెళ్ళింది. నాది కూడా.

ఏదో పనున్నట్టు లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. మా అమ్మ వేలు, ఆ కట్టు, ఆసుపత్రి వాసన అన్నీ గుర్తొచ్చాయి. ఇంత చేసీ నా గతీ అంతేనా అనిపించింది. అక్క వచ్చి పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"రోజూ ఆ బల్ల తుడిచేది నేనే గద మేడం. మీ రొట్టెలు ఎవరు తిన్నరో నాకెరుక."

"మరి చెప్పొచ్చు కదక్కా!"

"పెద్దోళ్ళు తింటుంటె నడుమల నేనెట్ల చెప్త? మీ సారేమో సల్లగున్నడు. మీరేమో ఆయన పులిహోర తిని ఏడుస్తున్నరు."

ఏడుపులోనే నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంటూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. "అందరికి పెట్టుడు మంచిదే. గా అందరిల మీరు లేరా?" అంది.

బల్ల సంగతంతా చెప్తే డాక్టరుగారు తల పట్టుకుని, మాత్రలు ఆపి ఇంకొక్క మూడు నెలలు చూద్దామన్నారు.

మర్నాడు బల్ల దగ్గర నా డబ్బా మధ్యలోకి తోయలేదు. "ఇకనుంచి నా డబ్బా నేనే తింటానండి" అన్నాను. పెళ్ళి పంక్తిలో ముందున్న విస్తరి లాక్కున్నట్టు చూశారు నలుగురూ.

"మరి మా గతేంటి మేడం?" అన్నాడు లీడ్.

నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళు కాచడం వచ్చా? జొన్నపిండి కొనడం వచ్చా? అయితే నేర్చుకోండి!"

నిజంగానే నేర్చుకున్నాడు మహానుభావుడు. వారం తిరక్కుండా అప్పడంలాంటి రొట్టె ఒకటి తెచ్చి, విరిగిపోతుందని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నెల తిరిగేసరికి మా బల్ల పద్ధతే మారింది. ఎవరి రొట్టె వాళ్ళదే, కీరా ముక్కలూ మజ్జిగా అందరివీ. తిన్నాక అయిదుగురం బిల్డింగ్ చుట్టూ రెండు చుట్లు నడుస్తాం. ఆ నడకలో మాట్లాడుకునేదంతా తిండి గురించే.

ఈసారి డాక్టరుగారు రిపోర్టు ఒక్కసారే చూశారు. "దిగిందమ్మా. మాత్రలు వద్దు, ఇలాగే కానివ్వండి" అన్నారు.

సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను గానీ, ఆవిడ రిపోర్టు సంగతే ఎత్తలేదు.

"ఇవాళ నీ రొట్టెలు ఎవరు తిన్నారే?"

"నేనే అమ్మా. రెండూ."

"ఎవరికీ పెట్టకుండా?"

"ఎవరికీ పెట్టకుండా."

పిల్లలమందరం తిన్నాక మిగిలిందీ, మేం కంచాల్లో వదిలేసిందీ తిని ఇన్నేళ్ళు బతికిన మనిషి ఆవిడ. ఎదుటివాళ్ళకి పెట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకుంటే చిన్నప్పుడు నా వీపు మీద ఒక్కటిచ్చేది.

"మంచి పని చేశావే అమ్మాయ్" అంది.