మెడలో పడిన పార్టీ కండువా

నేను రిటైరైన టీచర్ని. నంద్యాల మునిసిపల్ ఎన్నికల్లో నా పాత విద్యార్థి ఏ పార్టీలోనూ చేరనని ఒట్టేసి, మా వార్డుకు కౌన్సిలర్‌గా నిలబడ్డాడు. అతని మాట నమ్మి ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగాను. గెలిచాడు.

చైర్మన్ ఎన్నికకు ముందురోజు, సన్మానముందని నన్ను ఆళ్లగడ్డకు తీసుకెళ్లాడు. వేదికెక్కగానే, మేము ఎవరికి వ్యతిరేకంగా తిరిగామో ఆ నాయకుడే ముందు నా శిష్యుడి మెడలో, తర్వాత నా మెడలో తన పార్టీ కండువా వేశాడు.

"ఏందప్పా ఇది?" అన్నాను నా శిష్యుడితో.

"నవ్వు సార్, ఫోటో తీస్తాండారు" అన్నాడు.

అంతమంది ముందు కండువా తీసేసే ధైర్యం లేకపోయింది.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో చూసి పక్కింటి మేరమ్మ, "నీ మొగం చూసి ఓటేసినాం గదా సార్! నువ్వూ ఆడికే పోతివా?" అంది.

నాకు తెలియదని చెప్పినా నమ్మలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.