తల్లి తరఫు కుర్చీ

దక్షిణ అమెరికాకు స్వాతంత్ర్యం తెచ్చిన బొలీవార్ పేరు వినని చదువరి ఉండడు. ఆయన తల్లి పలాసియోస్ ఇంటి ఆడపిల్ల అని ఎందరికి తెలుసు? ఈ దేశాల్లో మనిషికి రెండు ఇంటిపేర్లు. ముందు తండ్రిది, వెనక తల్లిది. బతికున్నంతకాలం రెండూ అంటిపెట్టుకునే ఉంటాయి. చచ్చి గొప్పవాడయ్యాడంటే మాత్రం విగ్రహం దిమ్మ మీద తల్లి పేరుకు చోటు చాలదు. గుర్రానికి చాలుతుంది.

బొలీవియా కొండల్లోని మా యానమాయులో బడి, మందుల కొట్టు, ఏటా ఓడిపోయే ఫుట్‌బాల్ జట్టు, అన్నీ కల్నల్ ఎవరీస్తో ఒల్మెదీయా పేరు మీదే ఉన్నాయి. స్వాతంత్ర్య యుద్ధంలో ఆయన మూడు రోజులు వంతెన కాపాడాడు. శత్రువు వేరే దారిన వెళ్లాడని పక్క ఊరివాళ్లంటారు, వాళ్ల ఊరి వీరుడు కల్నల్ కన్నా చిన్న హోదావాడు కాబట్టి.

ఊరి నడిబొడ్డున ఉన్న కల్నల్ విగ్రహం ఎదుటి మూలన నలభై ఏళ్లుగా ఊదా మొక్కజొన్న జావ అమ్ముతున్న మనిషి కసిమీరా చోకే. భర్త గనిలో పోయాడు. ముగ్గురు కూతుళ్లను ఆ జావ కుండ మీదే పెంచింది. మనిషి చిన్నది, గొంతు పెద్దది. కల్నల్ తల్లి తమ చోకే ఇంటి ఆడపడుచేనని, తాము ఆ తల్లి తమ్ముడి సంతతని కసిమీరా వాదన. జావతో పాటు ఆ మాట కూడా అందరికీ పోసేది. తాగినవాళ్లు తలూపేవారు, వేడిగా ఉంటుంది కదా.

కల్నల్ వర్ధంతికి విగ్రహం కింద వంశస్థులకు అయిదు కుర్చీలు వేస్తారు. వాటిలో కూర్చునేది నోటరీ ఫిదేల్ ఒల్మెదీయా కుటుంబం. లా చదివినవాణ్ని ఇక్కడ డాక్టరు గారూ అనే పిలుస్తారు. కల్నల్‌కు పిల్లల్లేరు, వీళ్లు ఆయన అన్న సంతతి. కసిమీరా జనాన్ని ఆపే తాడు వెనక నిలబడేది. ఆ ఏడు మోకాళ్లు మొరాయించాయో, పౌరుషమే పొడుచుకొచ్చిందో, ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీదే నోటరీని ఆపింది.

“డాక్టరు గారూ, ఈసారి తల్లి తరఫున నాకూ ఒక కుర్చీ వేయించండి.”

“కల్నల్ తల్లి స్పెయిన్ నుంచి ఓడ దిగిన దొరసాని, కసిమీరమ్మా. జావ కుండ దించిన మనిషి కాదు.”

“ఓడ ఇంత కొండెక్కిందా? మరి మీరు చూశారు కాబోలు.”

జనం నవ్వారు. నవ్వు నోటరీకి పడదు. అక్కడే ఆయన పొరపాటు చేశాడు. “ఫాదర్ అన్సెల్మో, ఊళ్లో పుట్టినవాళ్ల తల్లిదండ్రుల పేర్లు రాసే జ్ఞానస్నానాల పుస్తకం తెప్పించండి. అందరి ముందూ చదవండి. ఈ గొడవ ఇవాళ్టితో తెగాలి.”

“పాత పుస్తకం డాక్టరు గారూ, అక్షరాలు చెరిగిపోయుంటాయి,” అన్నాడు ఫాదర్. ఆయనకు ఆ పుస్తకం సంగతి ముందే తెలుసని నా అనుమానం. నోటరీ వదల్లేదు. పుస్తకం వచ్చింది. అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి.

“ఎవరీస్తో. తల్లి పెత్రోనా చోకే, అవివాహిత.” ఫాదర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “తండ్రి ఎవరో తెలియదు. జ్ఞానస్నానం నాడు బిడ్డకు జ్ఞానపితగా నిలబడ్డ ఒల్మెదీయా దొర దయతో తన ఇంటిపేరు ఇచ్చాడు.”

నోటరీ భార్య విసనకర్ర ఆగిపోయింది. వందేళ్లుగా రక్తమని చెప్పుకున్నది దయ అని తేలింది. ఒల్మెదీయాలకు మిగిలిన ఒక్క దారి ఎదుటివాళ్ల పరువు తీయడమే.

“పెళ్లి కాకుండా కన్నదన్నమాట మీ ఆడపడుచు,” అన్నాడు నోటరీ.

ఆ సంగతి కసిమీరాకూ కొత్తదే. వెనక కూతుళ్లు ముగ్గురూ తలలు దించుకున్నారు.

“పెళ్లి కాలేదా? అయితే పంచుకోడానికి ఇంకో ఇల్లే లేదన్నమాట. పిల్లాడు మొత్తం మావాడే,” అంది.

ఊరి సంఘం వారమంతా తర్జనభర్జన పడింది. దిమ్మ మీది పేరు మారిస్తే బడి పేరు, మందుల కొట్టు పేరు, జట్టు చొక్కాలు మార్చాలి. కాబట్టి చరిత్రను ముట్టుకోకుండా వర్ధంతి నాడు ఆరో కుర్చీ వేశారు. ఒల్మెదీయాలూ వచ్చారు, రాకపోతే ఒప్పుకున్నట్టవుతుందని.

కసిమీరా ముందే వచ్చి మొదటి కుర్చీలో కూర్చుంది. నోటరీ టోపీ చేతపట్టుకుని తటపటాయిస్తుంటే, పక్క కుర్చీ మీది దుమ్ము తన శాలువా కొసతో దులిపింది.

“కూర్చోండి డాక్టరు గారూ, మొహమాటపడకండి. ఏ చుట్టరికమూ లేకపోయినా ఇన్నేళ్లూ మావాడికి పూలు పెట్టారు. మీ మేలు మరిచిపోం.”