ఆరో నంబరు మంచం మీద అత్తగారు

మా ఆసుపత్రిలో పెద్ద నర్సుని అందరూ మైకు సిస్టరు అంటారు. ఆవిడ వార్డులోంచి ఒక కేక వేస్తే గేటు దగ్గర ఆటోవాళ్ళు కూడా సర్దుకుని నిలబడతారు. వాదనలో ఆవిడ మీద నెగ్గిన మొనగాడు ఇంకా పుట్టలేదు. పక్కగదిలో రక్తపరీక్షలు చేసుకునేవాణ్ణి, నాకు తెలియదూ?

అలాంటి మనిషి నెత్తిన ఒక కంప్యూటరు వచ్చి పడింది. ఇకమీదట కేసు షీట్లుండవు, రోగుల వివరాలన్నీ అందులోనే అన్నారు. పది మంచాలకీ ఒకే ఒక్క డాక్టరు, ఒకే ఒక్క కంప్యూటరు. నేర్పడానికి వచ్చినాయన, ఉత్తుత్తి రోగిని ఒకరిని చేర్చి చూపించమన్నాడు. సిస్టరు క్షణం కూడా ఆలోచించకుండా వాళ్ళ అత్తగారిని ఆరో నంబరు మంచం ఎక్కించేసింది. జబ్బు అన్నచోట ‘నోటి దురుసు’ అని కొట్టింది. మేమంతా పడీపడీ నవ్వాం. మర్నాడు వచ్చి తీసేస్తానన్న ఆ మహానుభావుడు అజాపజా లేకుండా పోయాడు.

ఇంట్లో అత్తగారు గుండ్రాయిలా ఉంది. కంప్యూటర్లో మాత్రం మంచం దిగడం లేదు.

ఒక మధ్యాహ్నం ఎవరో తండ్రి, ఊపిరాడక రొప్పుతున్న కూతుర్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆరో మంచం ఒక్కటే ఖాళీ. సిస్టరు పిల్లని అక్కడ పడుకోబెట్టి, ఆక్సిజన్ సిలిండరు తెమ్మంది. స్టోరు గుమాస్తా కదల్లేదు. లెక్క తేలని సిలిండరుకి ఒకసారి చీవాట్లు తిన్నవాడు. కంప్యూటర్లో పేరు కనబడితేగానీ తాళం తీయనన్నాడు. పేరేమో ఎక్కదు, ఆ మంచం మీద అత్తగారుందాయె. ఆవిణ్ణి ఇంటికి పంపాలంటే డాక్టరుగారి పాస్‌వర్డు కావాలి. ఆయన ఆపరేషన్ గదిలో ఎవరి పొట్టో కోసి ఉన్నారు. నర్సులు నొక్కగలిగింది ఒక్కటే, మరణం. చావు డాక్టరు కోసం ఆగదు కాబట్టి ఆ ఒక్కటీ వాళ్ళకి వదిలేశారు.

గుమాస్తాతో దెబ్బలాడితే సిస్టరు గెలిచేదే. కానీ పిల్ల పెదాలు నీలం తిరుగుతున్నాయి. ఆవిడ కంప్యూటరు వైపు తిరిగింది.

“అత్తయ్యా, ఏమీ అనుకోకండి,” అని గొణిగి నొక్కేసింది. ఆ గొంతు అంత మెల్లగా పలకగా నేను వినడం అదే మొదలు.

సిలిండరు వచ్చింది. పిల్ల ఊపిరి దారిన పడింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఈలోగా కంప్యూటరు తన మర్యాద తాను పాటించింది. రోగి ఇంటివాళ్ళ ఫోనుకి సంతాపం పంపింది. ఆ రోజు సిస్టరు కొట్టిన నంబరు అత్తగారిదే. సాయంత్రానికల్లా ఆవిడ ఆటో దిగి, ఫోను చేత్తో పట్టుకుని తిన్నగా వార్డులోకి వచ్చింది.

“నేనెప్పుడు పోయానే?”

సిస్టరు తల వంచుకుని, నోటి దురుసుతో సహా అంతా చెప్పేసింది. ఇక ఈ వార్డు కప్పు లేచిపోతుందని నేను గుమ్మం పక్కకి జరిగాను. అత్తగారు ఆరో మంచం దగ్గరికి వెళ్ళింది. మాస్కుతో నిద్రపోతున్న పిల్లని చాలాసేపు చూసి, కొంగుతో దాని నుదురు తుడిచింది.

“ఇలాంటి పని పడితే నన్నడగనక్కర్లేదు,” అంది కోడలితో. “ఎన్నిసార్లయినా చంపెయ్యి.”