ముందు నా చెయ్యి

మా అత్తయ్యగారు పోయారు. పోయిన నెల ఒక గురువారం పొద్దున్న టిఫిను తిని, మెంతికూర బాగుచేసి, కాస్త నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళారు. పదకొండింటికి నేను పనిచేసే ల్యాబుకి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ లేవట్లేదు" అన్నారు. ఆ గొంతులోనే నాకు సంగతి తెలిసిపోయింది. ఆవిడ ఎలా పోయారో యానాం కనకాలపేటలో మా వీధివాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, అందరూ వచ్చారు. ఎలా బతికారో మాత్రం చెప్పాలి. ఎందుకంటే వచ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ గురించి తప్పుగా చెప్పుకుంటున్నారు.

ఆ తప్పేమిటంటే, ఆవిడ దగ్గర ఎగ్జిమాకి మందు ఉండేదని. దినవారాలు పూర్తికాకుండానే ముగ్గురు నన్ను పక్కకి పిలిచి, ఆ నూనె ఎలా కాచాలో మీకు చెప్పే వెళ్ళారు కదా అని అడిగారు. ఏడుస్తూనే నవ్వు వచ్చింది నాకు. ఆవిడ నూనె ఏదీ కాచలేదండీ. అది గానుగలో ఆడించిన మామూలు కొబ్బరినూనె. నిజానికి మందు పేరు చెబితే ముందు అనుమానపడే మనిషి ఆవిడ. ఆవిడ దగ్గర ఉన్నది ఒక అలవాటు. అది పుట్టింది మా అమ్మాయి వల్ల.

మా అమ్మాయికి ఏడాదిన్నర నిండేసరికి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా లేచింది. ముందు చెమటకాయలన్నారు. తర్వాత పొలుసులు కట్టి, గోకితే రసి కారడం మొదలైంది. పొద్దున్న లేచేసరికి దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. దానికి మాటలు సరిగా రాని వయసు, దురద అని చెప్పడం కూడా తెలీదు, చెయ్యి చాపి చూపించేది. వీధిలో గజ్జి అని గుసగుసలు పోయాయి. పక్కింటావిడ తన పిల్లని మా గుమ్మం దగ్గర నుంచి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిన రోజున, మా అత్తయ్యగారు అందరూ చూస్తుండగా మా పిల్ల చేతిని తన బుగ్గకేసి రాసుకుని, "అంటుకుంటే ముందు నాకు అంటుకోవాలి కదండీ" అన్నారు. నేనైతే పెద్ద గొడవే పెట్టేదాన్ని. ఆవిడ ఆ ఒక్క మాట అని లోపలికి వచ్చేశారు.

అది అంటుకునేది కాదు కానీ ఇంట్లోనే పుట్టింది. మా ఆయనకి చిన్నప్పుడు ఉండేదట. ఆవిడకి కూడా పెళ్ళినాటికి వేళ్ళ మధ్య చర్మం పగిలి ఉండేదట. నలుగు పెడుతున్నప్పుడు మంటకి ఏడుపొస్తే, పుట్టింటి మీద బెంగ అనుకుని అందరూ ఓదార్చారట. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు. "మా వైపు నుంచే వచ్చిందమ్మాయ్. నేనే చూసుకోవాలి" అన్నారు. నేను కాదనలేదు. అప్పట్లో నాక్కూడా లోపల ఆ కోపం ఉంది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇక మేం చేసిన పెద్ద పొరపాటు. ఆ ఏడు కార్తీకమాసంలో పిల్లని తీసుకుని మెట్టప్రాంతంలో ఉన్న మా పుట్టింటికి వెళ్ళాను. పదిరోజుల్లో ఒంటి మీది ఎరుపు సగానికి సగం తగ్గింది. కార్తీకమాసం కదా, మా అమ్మ ఇంట్లోకి నీచు రానివ్వలేదు. తిరిగి యానాం వచ్చిన వారానికి మళ్ళీ మొదలు. అంతే, అందరూ కలిసి చేపని దోషిని చేసేశారు. చేప, రొయ్య, గుడ్డు, వంకాయ, గోంగూర, ఒకటొకటిగా అన్నీ వంటింట్లోంచి వెళ్ళిపోయాయి. గోదారి పక్కన, వీధిలోకి చేపల గంప రాని రోజు లేని ఊళ్ళో, మా ఇంటి గుమ్మం ముందు మాత్రం గంప ఆగడం మానేసింది.

అందులో ఎక్కువ నష్టపోయింది మా అత్తయ్యగారు. నెత్తళ్ళ వేపుడు లేకపోతే అన్నం తిన్నట్టే ఉండని మనిషి. పిల్లకి పెట్టనిది ఆవిడ కంచంలోనూ పెట్టుకోలేదు. ఏడు నెలలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చారన్నం, బీరకాయ కూర తిన్నారు. మీరెందుకు నోరు కట్టుకోవడం అని నేనంటే, దాని ఎదురుగా నేను తింటే దానికి వాసన తగలదా అనేవారు. పిల్ల మాత్రం చిక్కిపోయింది. ఒంటి మీది ఎరుపు తగ్గలేదు.

ఈలోగా వచ్చినవాళ్ళందరూ వైద్యులే. వేపాకు నూరి పట్టించమని ఒకరు, పసుపులో నిమ్మరసం కలపమని ఒకరు, మజ్జిగ పోయమని ఒకరు. నేను సైన్సు చదువుకున్నదాన్ని, అందరినీ తోసిపుచ్చి పంపేద్దామనుకునేదాన్ని. ఆవిడ ఎవర్నీ పంపేవారు కాదు. చెప్పింది చెప్పినట్టు తయారుచేసి, ముందు తన ఎడమ ముంజేతి లోపలివైపు రాసుకునేవారు. "ముందు నా చెయ్యి. తర్వాత పిల్ల చెయ్యి." రెండు రోజులు ఆగేవారు. నిమ్మరసం కలిపిన పసుపు ఒక్క పూటకే మండింది, అది పోయింది. వేపాకు ముద్ద ఆరాక చర్మం బిగుసుకుపోయింది, అదీ పోయింది. మెట్టకూరు నుంచి ఒక దూరపు చుట్టం ఏదో ఆకు పసరు సీసాలో తెచ్చి, ఇది రాస్తే మూడు రోజుల్లో మాయం అని చెప్పి వెళ్ళాడు. ఆవిడ రాసుకున్న చోట మర్నాటికి రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది.

ఆ బొబ్బని ఆవిడ వెలుతురులో పెట్టి చూసుకున్నారు. తర్వాత సీసా గోతిలో పారబోసి, చీర మార్చుకుని, కాకినాడ వెళ్దాం పద అన్నారు. అప్పటిదాకా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను ఎంత పోరినా, పిల్లకి స్టెరాయిడ్లు రాసేస్తారని భయపడి ఆపింది ఆవిడే. ఆవిడ తనంతట తాను మనసు మార్చుకోవడం నేను చూసింది అదే మొదలు. తప్పు తెలిశాక ఆవిడ దాన్ని సమర్థించుకుంటూ కూర్చోలేదు.

చర్మం డాక్టరుగారు మంచాయన. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునేది అని విడమర్చి చెప్పారు. గోరువెచ్చటి నీళ్ళతో త్వరగా స్నానం, తడి ఆరకముందే ఒళ్ళంతా క్రీము, నూలు బట్టలు, గోళ్ళు పొట్టిగా, ఎర్రబడ్డప్పుడు తను రాసిన ఆయింట్‌మెంటు చెప్పినన్ని రోజులు. ఆవిడ అన్నిటికీ "ఆయ్, అలాగేనండి" అంటూ చివరికి చేప మాట ఎత్తారు. పరీక్షించకుండా తిండి మాన్పించి పిల్ల చిక్కిపోయేలా చేశారు కదమ్మా అని ఆయన మందలించారు. ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టి, ఏది పడట్లేదో చూసి రమ్మన్నారు.

ఆవిడకి రాయడం అంతగా రాదు. అందుకని వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో బొమ్మలు గీశారు. చేప పెట్టిన రోజు గడిలో చిన్న చేప, వంకాయ పెట్టిన రోజు తొడిమతో సహా వంకాయ. ఒళ్ళు బాగుంటే పక్కన సున్న, గోక్కుంటే ఇంటూ గుర్తు. వారానికి ఒక్కటే కొత్తది. నేను తొందరపడి ఒకేసారి రెండు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "రెండూ ఒకేసారి మారిస్తే, ఏది చేసిందో దేవుడిక్కూడా తెలీదమ్మాయ్." ల్యాబులో నేను రోజూ పాటించే సూత్రం అది. ఇంటికొచ్చేసరికి మర్చిపోయాను.

మూడు నెలలకి లెక్క తేలింది. చేప నిర్దోషి. రొయ్య, వంకాయ, గోంగూర నిర్దోషులు. గుడ్డు పెట్టిన రెండుసార్లూ మూతి చుట్టూ ఎర్రబడింది. డాక్టరుగారు పరీక్ష చేయించి అదొక్కటీ కొన్నాళ్ళు ఆపమన్నారు, ఆయన చెప్పాకే మళ్ళీ మొదలుపెట్టాం. చేప నిర్దోషి అని తేలిన ఆదివారం ఆవిడ బొమ్మిడాయిల పులుసు పెట్టి, ముళ్ళు తీసి ముద్దలు కలిపి పిల్లకి తినిపించి, తర్వాత తను కూర్చుని తిన్నారు. మొదటి ముద్దకి కళ్ళు మూసుకున్నారు. నేను వడ్డిస్తూ అక్కడే నిలబడిపోయాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. వేసవి వచ్చింది, మళ్ళీ ఒళ్ళు ఎర్రబడింది. ఈసారి క్యాలెండరులో కారణం దొరకలేదు. నేను నిస్పృహలో పడ్డాను. ఒకరోజు రొయ్యల రైతులు పరీక్షకి ఇచ్చిన చెరువు నీళ్ళ సీసాలు దారిలో తీసుకుని, భోజనానికి ఇంటికొచ్చి, బల్ల మీద వరసగా పెట్టాను. ఆవిడ వాటినే చూస్తూ, ఇందులో ఏం చూస్తావని అడిగారు. ఉప్పు, కాఠిన్యం, ఇంకా కొన్ని అని చెప్పాను. నీళ్ళు పడకపోతే రొయ్యలు చచ్చిపోతాయా అని అడిగారు. పోతాయన్నాను.

"ఊళ్ళోవాళ్ళ రొయ్యలకి నీళ్ళు చూస్తావు గానీ, మన పిల్లకి చూసేవా?"

ఆరేళ్ళుగా ల్యాబులో అదే పని చేస్తున్నాను. పిల్లని పొద్దునా సాయంత్రం బోరు నీళ్ళతో కడుగుతున్నాను. వేసవిలో గోదారి తగ్గి, సముద్రం పైకి తన్ని, మా బోర్లలో ఉప్పెక్కుతుందని ఊరందరికీ చెప్పేదాన్ని నేను. ఆ మధ్యాహ్నమే మా బోరు నీళ్ళు ఒక సీసాడు పట్టుకెళ్ళి పరీక్ష చేశాను. ఉప్పూ కాఠిన్యం రెండూ బాగా ఎక్కువ, రొయ్యలకైతే ఆ నీళ్ళు భేషుగ్గా ఉన్నాయి. రొయ్యకి పెంకు కావాలి, మా పిల్లకి అక్కర్లేదు.

సాయంత్రం వచ్చి చెప్పాను. ఆవిడ నన్ను దెప్పలేదు. ఆ కార్తీకంలో మీ అమ్మగారింట్లో పిల్లకి నలుగు పెట్టేవారా అని అడిగారు. లేదు, సబ్బు కూడా సరిగా రాయదు మా అమ్మ అన్నాను. ఆవిడ లేచి, అటక మీద నుంచి నలుగు పిండి డబ్బా దింపారు. పెసలు, కచ్చూరాలు పోసి తనే ఆడించే పిండి. ప్రతి ఆదివారం పిల్లకి నూనె పట్టించి ఆ పిండితో గట్టిగా రుద్దడం ఆవిడకి గొప్ప. అంతకుముందు డాక్టరుగారు సబ్బు తగ్గించమన్నారు కానీ పిండి సంగతి మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. అది మంచిదేనని మా నమ్మకం.

"వాణ్ణీ ఇలాగే రుద్దేను" అన్నారు, మా ఆయన గురించి. "మురికనుకుని, ఏడుస్తుంటే ఇంకా రుద్దేను. వాడి ఏడుపు నాకిప్పుడు వినపడతందమ్మాయ్." మా అత్తయ్యగారు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు పెరట్లోకి మూత ఉన్న నీలం డ్రమ్ము వచ్చింది. కుళాయిలో వచ్చే మంచినీళ్ళు అందులో పట్టేవారు, వానాకాలంలో డాబా మీది వాన నీళ్ళు. పిల్ల స్నానానికి తప్ప ఎవరూ ముట్టకూడదు. ఒకసారి మా ఆయన మోటారు సైకిలు కడగబోయి తిన్న తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. పిండి మానేశాం. స్నానమయ్యాక తడి మీదే క్రీము, ఒళ్ళు బాగున్న రోజుల్లో కొబ్బరినూనె. నీళ్ళొక్కటే కారణమని నేననను, పిండి ఒక్కటే అనీ అనను. అన్నీ కలిసి కుదిరాయి. బడిలో చేరేనాటికి మా అమ్మాయి పొట్టిచేతుల గౌను వేసుకుని వెళ్ళింది. ఇప్పటికీ చలికాలంలో కాస్త కనబడుతుంది, ఏం చెయ్యాలో దానికి తెలుసు.

ఆ తర్వాతే మా అరుగు మీదికి పిల్లల్ని ఎత్తుకుని జనం రావడం మొదలైంది, అగ్రహారం లాంటి పక్క ఊళ్ళ నుంచి కూడా. ఆవిడ వాళ్ళకి ఇచ్చిందల్లా ఒక పాత క్యాలెండరు, ఒక పెన్సిలు. రసి కారుతుంటే, జ్వరం ఉంటే, అరుగు ఎక్కనివ్వకుండానే డాక్టరు దగ్గరికి తరిమేవారు. "చర్మం చెప్పేది వినండి, చుట్టాలు చెప్పేది తర్వాత విందురు గాని" అనేవారు. మందు అడగడానికి వచ్చి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళినవాళ్ళు చాలామందే. నెల తిరక్కుండా వాళ్ళే నవ్వుతూ వచ్చేవారు.

చివరి రెండేళ్ళూ ఆవిడ చేతులు మళ్ళీ పగిలాయి. మా అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్ళు. బడి నుంచి రాగానే మామ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలికీ క్రీము రాసేది. ఆవిడ ముంజేతి మీద బొబ్బ మచ్చ గోధుమరంగులో అలాగే ఉండేది.

ఆ గురువారం మధ్యాహ్నం ఆవిడకి ఆఖరి స్నానం చేయించడానికి పెరట్లో బల్ల వేశారు. ఆడవాళ్ళు బోరు నీళ్ళు పట్టి కాచారు. ఎవరో బంధువు పళ్ళెంలో నలుగు పిండి తెచ్చారు. మా అమ్మాయి అడ్డం వెళ్ళి, పిండి వద్దు, మామ్మకి పడదు అంది. పోయాక పడేదేముందమ్మా, ఆచారం అన్నారు ఆ బంధువు. నేను గొడవకి సిద్ధమై లేవబోయాను.

ఈలోగా మా అమ్మాయి ఆ నీలం డ్రమ్ము మూత తీసింది. ఒక బకెట్ నింపి, చెంబుతో ముంచింది. ఎడమ చెయ్యి చాపి, ముందు తన ముంజేతి లోపలివైపు పోసుకుంది. నీళ్ళు దాని మోచేతి మడతలోంచి, ఒకప్పుడు రక్తం కారిన చోటునుంచి, నున్నగా జారి కింద పడ్డాయి. మామ్మ ఆగినట్టే కాసేపు ఆగింది. అందరూ దాని వంకే చూస్తున్నారు.

"బాగున్నాయి. ఇప్పుడు మామ్మకి పొయ్యండి" అని చెంబు నా చేతికిచ్చింది.