మా ప్లాటులో నల్లమట్టి

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్న మేము, ఎల్‌బీ నగర్‌లో సొంత ఇల్లున్న వాళ్లను కూడా ఊరి బయటివాళ్లుగా చూసిన రోజులవి. ఎల్‌బీ నగర్ వాళ్లు మీర్‌పేట్ వాళ్లను అలాగే చూసేవారు. మీర్‌పేట్ వాళ్లు ఎవరిని చూసేవారో తెలియదు, బహుశా గొర్రెలను చూసి ఉంటారు. (మీర్‌పేట్‌లో ఉంటున్న మా తోడల్లుడికి చదివే అలవాటు లేదన్న ధైర్యంతో ఈ ముక్క రాస్తున్నాను.) నగరం ఎలా పెరుగుతుందని అడిగితే తెలిసినవాళ్లు రోడ్లంటారు, మెట్రో అంటారు. నేను మాత్రం అనుమానం వల్ల పెరుగుతుందంటాను. మా కాలనీ పుట్టుకకు నేను ప్రత్యక్ష సాక్షిని. నిజం చెప్పాలంటే ముద్దాయిని.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చినవాడు. పాలల్లో నీళ్లు కలిస్తే అందరూ అనుమానిస్తారు. కలవకపోతే, ఎందుకు కలపలేదా అని అనుమానించే మనిషి ఆయన. అలాంటివాడు ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి అరగంట నడిస్తే గానీ రాని చోట ఒక ప్లాటు కొన్నాడు. ఇక చూడండి. పేపర్లో కబ్జా అన్న మాట కనబడితే చాలు, అది మన ప్లాటేనేమో అని వార్త చివరి దాకా చదివేవాడు. ఖాళీ ప్లాటున్న ప్రతి ఇంటికీ అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆదివారం ఎవరో ఒకరు వెళ్లి నాలుగు హద్దురాళ్లూ ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసి రావాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే. అప్పుడే ఒక కోచింగ్ సెంటర్‌లో నోట్సులు జిరాక్స్ తీయించి పంచే ఉద్యోగంలో చేరాను. వారానికి దక్కే ఒకే ఒక్క సెలవును నాలుగు రాళ్లకు అంకితం చేయడం నాకు మహా అన్యాయంగా తోచింది. మూడు ఆదివారాలు వెళ్లాను. నాలుగో ఆదివారం నుంచి మా వీధి చివరి హాల్లో మ్యాట్నీ చూసి, ఇరానీ హోటల్లో చాయ్ తాగి, ఎండలో నడిచొచ్చిన మొహం పెట్టుకుని ఇంటికి చేరేవాణ్ని.

"రాళ్లున్నాయా?" అనేవాడు నాన్న.

"ఉన్నాయి నాన్నా."

"నాలుగూనా?"

"నాలుగూ."

"మరి చెప్పుల మీద దుమ్ము లేదేంటి?"

ఆ తర్వాతి వారం నుంచి ఇంటికొచ్చే ముందు, మా వీధిలో పైపులకని తవ్విన గుంట దగ్గర ఆగి చెప్పులకు మట్టి పులుముకోవడం మొదలుపెట్టాను. మూడు నెలలు నిశ్చింతగా గడిచాయి. ఒక ఆదివారం నాన్న నా చెప్పు చేతిలోకి తీసుకుని, గోటితో కాస్త మట్టి గీకి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మన ప్లాటుది ఎర్రమట్టి కదరా. ఇది నల్లగా ఉందేం?"

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేది. కానీ నా నోరు నా మాట ఏనాడూ వినలేదు. "ఎవరో మన ప్లాటులో నల్లమట్టి పోయించారు నాన్నా. చెబితే కంగారు పడతావని..." అన్నాను.

నాన్న చెప్పు కింద పెట్టేశాడు. కోప్పడలేదు, అందుకే భయమేసింది. "ఆ ప్లాటు పోతే ఈ ఊళ్లో మనం బతికినన్నాళ్లూ ఒకళ్ల ఇంట్లో ఉండాల్సిందేరా" అని మాత్రం అన్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

మర్నాడు నాన్న సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. బస్సులో కూర్చున్నంతసేపూ ఆయన కబ్జాదారుడితో ఏం మాట్లాడాలో ఆలోచిస్తున్నాడు. నేను ఆయనతో ఏం మాట్లాడాలో ఆలోచిస్తున్నాను. తీరా వెళ్లి చూస్తే, నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. మా ప్లాటు మూలన నిజంగానే నల్లమట్టి కుప్ప. పక్కనే మడత నలగని తెల్లచొక్కాలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. పోచంపల్లి వైపు నుంచి వచ్చి చీరల దుకాణం పెట్టుకున్న ఆయన్ని మేము తర్వాత్తర్వాత చీరల మామ అని పిలిచాం.

"ఏమండీ, మా ప్లాటులో మట్టి పోయించడమేంటి?" అన్నాడు నాన్న.

"మీ ప్లాటా? గీ పక్కది నాది సారూ. పల్లముందని మట్టి దెమ్మన్న. లారీవోడు జర ఇటుగూడ ఒంపిండు. తీపిస్త తియ్యి. గని అసల్ మీరెవరు? ప్రతి ఆదివారం ఒచ్చి చూసుకుంట పోతున్న నేను. మూడు నెలల సంది ఈడ ఒక్క మనిషి గూడ కనవడలే."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. నాన్న నా వైపు తిరిగాడు, చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "మావాడు వారం వారం వస్తున్నాడండీ. ఈ మట్టి సంగతి చెప్పిందే వాడు. రాకుండా ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

"ఏమో సారూ. నాకైతే అంత పరేషాన్‌గుంది."

తిరుగు ప్రయాణంలో నాన్న ఒకటే మాట. "పచ్చి అబద్ధాలాడుతున్నాడు. ప్రతి ఆదివారం వస్తాడట. ఈయన కన్ను మన ప్లాటు మీద ఉందిరా." నిజం మాట్లాడిన (అని నేననుకున్న) మనిషి అలా దొంగయ్యాడు. అబద్ధమాడిన నాకు ఎల్‌బీ నగర్‌లో నాన్న బత్తాయిరసం ఇప్పించాడు. నిజం చెప్పకుండానే గ్లాసు ఖాళీ చేశాను.

నెల తిరక్కుండా నాన్న అక్కడ రెండు గదులకు ముగ్గు పోయించాడు. అది చూసి చీరల మామ కూడా పునాది తవ్వించాడు. మేము గోడ ఒక వరస లేపితే ఆయన రెండు లేపాడు. దీపం లేని ఆ మైదానంలో, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటానికి రెండు కుటుంబాలు కాపురాలు పెట్టాయి. మ్యాట్నీలూ ఇరానీ చాయ్ వదులుకుని నేను రోజూ అరగంట నడిచి బస్సెక్కాల్సి వచ్చింది. రెండిళ్లున్నాయి కదా, భయం లేదని మూడో ఇల్లు వచ్చింది. తర్వాత కిరాణా కొట్టు, బడి, చివరికి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో. ఇప్పుడు మా కాలనీ వాళ్లు నాగోల్ అపార్ట్‌మెంట్లతో పోల్చుకుని మురుస్తుంటారు. దిల్‌సుఖ్‌నగర్ పేరెత్తితే "అబ్బే, ఇరుకు" అని పెదవి విరుస్తారు, వాళ్లలో నేనూ ఉన్నాను.

నాన్న పోయాక ఒక సాయంత్రం చీరల మామ దగ్గర కూర్చుని ఒప్పేసుకున్నాను. "మామా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజమే. ఆ మూడు నెలలూ నేను ప్లాటు మొహం చూడలేదు."

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "గట్లనా? నాకేమెరుక అల్లుడా. నేనొస్తే గద. ఆదివారం దుకాణం ఇడిసిపెట్టి ఎవడొస్తడు? మీ నాయిన జోర్‌గ మాట్లాడుతుంటే నేను గూడ ఒకటి ఇసిరిన."

"మరి ఇల్లెందుకు కట్టావు?"

"మీ నాయిన కట్టవట్టె. ఊకుంటే నా జాగల గూడ కడతడేమోనని భయమైంది."

ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. మెట్లు దిగుతుంటే మాత్రం నా నవ్వు సగంలో ఆగింది. గోటితో గీకి మట్టి రంగు పసిగట్టిన మనిషికి, నా అబద్ధం రంగు తెలియలేదా? తెలిసే ఊరుకున్నాడా? ఇల్లు కట్టుకోవాలని ఎన్నాళ్లుగానో ఉండి, ధైర్యం చాలక, నా అబద్ధాన్ని సాకుగా వాడుకున్నాడా? ఈ వయసులో పట్టుకున్న ఈ అనుమానం నన్ను వదలడం లేదు. అడుగుదామంటే ఆయన లేడు. ఉన్నా చెప్పేవాడు కాదు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు అడుగుతున్నావని, నన్నే అనుమానించి ఉండేవాడు.