పాపారపట్టి సంతలో నా చావు

ఆ రోజుల్లో ఉరుము వినబడితే మా ఊళ్లో అందరూ వాకిట్లో ఆరబోసినవి లోపలికి తెచ్చుకునేవారు. మా మేనత్త మాత్రం గంప బయటికి తీసేది. ఉరిమి కురిసిన మర్నాడు అడవంచున చెదపుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి. ఎండ ముదరక ముందే వాటిని తెంపి పాపారపట్టి సంతకు చేర్చాలి. మధ్యాహ్నానికి నల్లబడిపోతే పశువు కూడా ముట్టదు. డెబ్బయిల మొదట్లో, పరీక్ష తప్పి, బట్టల కొట్టులో చేరి, అక్కడా నిలవలేక ఇంట్లో కూర్చున్న నన్ను మా నాన్న తన అక్కకు అప్పగించాడు. అత్తకు ఊరు పెట్టిన పేరు ఉరుమత్త. (ఉరుముతో పనిచేస్తుందని కొందరు, గొంతు అలాంటిదని కొందరు అనేవారు. నేను రెండో వర్గం.) నేను ఏం చేసినా ఆమెకు తప్పే. వంగితే "నడుము లేదా?" అనేది, నిలబడితే "వంగలేవా?" అనేది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పడి, అప్పటికే చేను ఎండిపోయి, మా రెండిళ్లూ ఆ గంప మీదే బతుకుతున్నాయి. ఒక సంతరోజు గంప నిండా తెల్లగా, పువ్వుల్లా ఉన్న సరుకుతో కూర్చుంటే ఒక్కరూ దగ్గరికి రాలేదు. ఎక్కడో పెళ్లి విందులో కాళాన్ కూర తిని జనం పడిపోయారని పొద్దున్నే పుకారు లేచిందట. అరవంలో కాళాన్ అంటే పుట్టగొడుగే. ఎండ ఎక్కుతోంది. అత్త కాసేపు గంపను, కాసేపు నన్ను చూసి, పక్కన ఇడ్లీలమ్మే ఆవిడ పొయ్యి అడిగి తీసుకుని, ఉల్లిపాయలు, మిరియాలు వేసి అక్కడే కూర వండేసింది.

"తిను రా," అంది.

"నువ్వు తినొచ్చు కదత్తా?"

"నేను తింటే, ముసిల్ది, పోతే పోనీ అని తింటా వుండాది అనుకుంటారు. వయసు పిల్లోడు తింటేనే నమ్మేది. బాగా కనపడేట్టు తిను."

కనబడేట్టే తిన్నాను. సంత సగం చుట్టూ మూగి నా గొంతులో ముద్ద దిగడం చూస్తోంది. రాగిముద్ద మీద ముద్ద, గిన్నెడు కూర. అంత రుచైన భోజనం ఆ ఏడాదిలో అదే. కానీ ఆ వారమంతా వానలు, తెల్లవారకముందే అడవి, కంటి నిండా నిద్ర లేదు. కడుపు నిండింది, వెనక ఎవరిదో చింతపండు మూట మెత్తగా తగిలింది. అంతే, నాకు తెలిసింది అంతవరకే.

మళ్లీ తెలివి వచ్చేసరికి నోట్లో, కక్కించడానికి ఎవరో పోసిన ఉప్పునీళ్లు, చుట్టూ గోల. "అయ్యయ్యో, పయ్యన్ పోయిట్టానే!" అని ఎవరో అరవంలో నా చావును ఖాయం చేస్తున్నారు. కళ్లు తెరవబోతుండగా అత్త ఏడుపు వినబడింది.

"బంగారం అట్లాంటి పిల్లోడు గదమ్మా! ఎంత తిట్టినా ఒక్క మాట ఎదురు చెప్పినోడు కాదు. పుట్ట ఎక్కడుండేదీ నాకన్నా ముందు వాడే చూసేవాడు. నా తమ్ముడికి ఏమని చెప్పేది నేను!"

కళ్లు తెరవలేదు. (మీరైనా తెరవరు.) అంతకాలంలో ఆమె నోట నా గురించి మంచి మాట వినడం అదే మొదలు. ఇంకా ఏమైనా ఉందేమో విందామనుకున్నాను. ఉంది.

"నా బిడ్డను వీడికే ఇయ్యాలనుకొంటి కదా!"

చటుక్కున లేచి కూర్చున్నాను. "నిజంగానా అత్తా?"

అత్త ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. "నిద్దరపోతివా? ఎనుమా!" అంటూ చేతికందిన గరిటె ఎత్తింది. నేను సంత చివరిదాకా పరుగెత్తాను. సంతంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులోనే ఒకావిడ ముందుకొచ్చి, మా ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఎక్కువగా ఇవ్వమని అడిగింది. ఆమె వెనక ఇంకొకావిడ. నేను తిరిగి వచ్చేసరికి గంప ఖాళీ.

కొన్నాళ్లు ఆగి, పుట్ట దగ్గర వంగి ఉన్నప్పుడు ఆ మాట ఎత్తాను.

"ఏం మాట రా?" అంది.

"సంతలో అన్నావే, బిడ్డను..."

"చచ్చిపోయినోడికి చెప్పిన మాట అది. బతికినోడికి కాదు. కాళాన్ ఏరేవాడికి పిల్లనిచ్చేదానికి నాకేమన్నా పిచ్చా?"

ఆ పిల్లా కాళాన్ ఏరే ఇంటిదే కదా అని నేను వాదించలేదు. ఆ అమ్మాయిని వెల్లిచందైలో తోటలున్న ఇంటికి ఇచ్చారు. సుఖంగానే ఉంది. పెళ్లిలో వడ్డన నాదే.

చాలా ఏళ్లకు అత్త పోయినప్పుడు ఆమె గురించి రెండు ముక్కలు చెప్పమని బంధువులు నన్ను ముందుకు తోశారు. చెప్పాల్సింది చాలా ఉంది. ఎంత వెతికినా, "బాగా తిట్టేది," అన్న మాటే నోటికొచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చచ్చినవాడి గురించి అత్త చెప్పినంత బాగా చెప్పడం నాకు చేతకాలేదు.